సిస్టమ్స్ థింకింగ్: నేర్చుకునేవారు పదేపదే అడిగే ప్రశ్నలు

కొత్త బృందం వచ్చిన ప్రతిసారీ మనుషులు మారతారు, సందేహాలు మారవు. కాలేజీ విద్యార్థులు, వ్యవసాయ శాఖ ఉద్యోగులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, కంపెనీల మేనేజర్లు, అందరూ దాదాపు ఇవే అడుగుతారు. జవాబులు ఒకచోట ఉంటే తరగతిలో ఆ సమయం బొమ్మలు గీయడానికి మిగులుతుందని ఇది రాశాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదవవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా బోరుబావుల చుట్టూ తిరుగుతాయి. తెలుగు నేల మీద ఈ విద్య నేర్చుకోవడానికి అంతకంటే తగిన సమస్య లేదని నా నమ్మకం.

## మొదలుపెట్టే ముందు

సిస్టమ్స్ థింకింగ్ అంటే సూటిగా ఏమిటి?

ఒక సమస్య ఎన్నిసార్లు పరిష్కరించినా తిరిగొస్తుంటే, "ఎవరి వల్ల?" అని అడగడం ఆపి "ఏ అల్లిక వల్ల?" అని అడగడం. అల్లికలో చూడాల్సినవి మూడు. ఎక్కడ ఏది పోగవుతోంది లేదా తరుగుతోంది? దాన్ని నింపేవి, ఖాళీ చేసేవి ఏవి? ఆ మట్టం చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటున్నారు? బోరు ఎండినప్పుడు "వానల్లేవు" అంటే అది ఒక సంఘటనకు కారణం. వానలు బాగా కురిసిన ఏడాది తరువాత కూడా వేసవికల్లా బోర్లు ఎందుకు ఎండుతున్నాయన్నది అల్లిక గురించిన ప్రశ్న.

అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని చెప్పడమే కదా, ఇందులో కొత్తేముంది?

అంతవరకే చెప్పి ఊరుకుంటే కొత్తేమీ లేదు, ఉపయోగమూ లేదు. ఏ ముడి గట్టిది, ఏది వదులు, ఏది ఎంత ఆలస్యంగా పనిచేస్తుంది అని తేల్చినప్పుడే ఇది విద్య అవుతుంది.

మన దేశంలో రాబందులు ఎలా మాయమయ్యాయో చూడండి. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 మధ్య 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. మొదట ఏదో అంటురోగం అనుకున్నారు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొడుతోందని ఆ తరువాత తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఈలోగా కళేబరాలు వీధికుక్కల పాలయ్యాయి, కుక్కలు పెరిగాయి, వాటితోపాటు కుక్కకాటూ రేబీస్ భయమూ పెరిగాయి. "ప్రకృతిలో అన్నీ ముడిపడి ఉన్నాయి" అన్నవారు అప్పుడూ ఉన్నారు. పనికొచ్చింది మాత్రం ఆ ఒక్క ముడిని పట్టుకున్నవారి శ్రమ.

ఇది ఎక్కడ పుట్టింది? మేనేజ్‌మెంట్ వాళ్ళ ఫ్యాషనా?

మూలాలు ఇంజినీరింగులో, జీవశాస్త్రంలో ఉన్నాయి. జే ఫారెస్టర్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు 1956లో అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయపు మేనేజ్‌మెంట్ స్కూలుకు మారాడు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని జనరల్ ఎలక్ట్రిక్ గృహోపకరణాల కర్మాగారంలో కొన్నేళ్ళు ఓవర్‌టైం పని, మళ్ళీ కొన్నేళ్ళకు ఉద్యోగాల కోత ఎందుకు వస్తున్నాయో అక్కడివారికి అర్థం కాలేదు. బయటి గిరాకీ నిలకడగా ఉన్నా, సరుకు నిల్వ చూసి మనుషులను చేర్చుకునే వాళ్ళ సొంత పద్ధతే ఈ ఊగిసలాటకు చాలునని ఫారెస్టర్ కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఒక అల్లిక కాలంతో ఎలా నడుస్తుందో లెక్క కట్టే సిస్టమ్ డైనమిక్స్ అనే విద్య అక్కడ మొదలైంది. తరువాత సెమినార్లలో ఫ్యాషన్ అయిన మాట కూడా నిజమే.

లెక్కలంటే భయం. నేర్చుకోగలనా?

కూడిక, తీసివేత, గుణకారం వస్తే మొదటి ఏడాది గడిచిపోతుంది. నిజంగా కావాల్సింది ఓపిక. ఒక గ్రాఫు వైపు చూసి "ఇది ఇక్కడ ఎందుకు వంగింది?" అని కాసేపు ఆలోచించగలగాలి.

ఎంత కాలం పడుతుంది?

గుర్తులు, బొమ్మలు రెండు మూడు వారాల్లో వస్తాయి. చూపు రావడానికి మాత్రం ఒకే సమస్యను కనీసం ఒక ఏడాది వెంటాడాలి. నీరు, పంట, ధర, అప్పు, ఇవన్నీ రుతువులతో తిరుగుతాయి. నెలకో కొత్త సమస్య ఎత్తుకుంటే ఒక్కదానిలోనూ పూర్తి చుట్టు చూడకుండానే పక్కకు పోతారు. కోర్సులు మార్చేవారికంటే సమస్యను మార్చనివారే త్వరగా నేర్చుకుంటారు.

## బొమ్మలు గీయడం మొదలయ్యాక

కాగితం ముందు కూర్చున్నాను. మొదట ఏం గీయాలి?

బాణాలు కాదు, గ్రాఫు. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా మీకు దిగులు కలిగిస్తున్న విషయం: నీటిమట్టం, స్కూలు మానేసిన పిల్లలు, స్టాకులో మిగిలిపోయిన సరుకు, ఏదైనా సరే. అంకెలు లేకపోతే గుర్తున్నంతవరకు గీత గీయండి. పెరుగుతోందా, ఊగుతోందా, పెరిగి కుప్పకూలిందా? ఆ గీత ఆకారమే మీరు ఎలాంటి అల్లిక కోసం వెతకాలో చెబుతుంది. గ్రాఫు లేకుండా బాణాలతో మొదలుపెట్టినవారి బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి కానీ ఏ ప్రశ్నకూ జవాబు చెప్పవు.

నిల్వకూ ప్రవాహానికీ తేడా తెలుసు, అయినా తికమక పడుతున్నాను. ఎందుకు?

తికమక అందరికీ ఉంటుంది. చదువుకున్నవారికీ ఉంటుంది. పోగై ఉన్నది నిల్వ, దాన్ని నింపేదీ ఖాళీ చేసేదీ ప్రవాహం. డాబా మీద నీళ్ళ ట్యాంకు చూడండి. మోటారు వేసి ఉంది, కింద కుళాయిలూ తెరిచి ఉన్నాయి. మోటారు ధార సన్నబడినంత మాత్రాన మట్టం పడిపోదు. వచ్చేది పోయేదానికంటే తక్కువైనప్పుడే పడుతుంది. "ఈ ఏడాది అప్పు తక్కువ చేశాం" అన్న మాట విని అప్పు తగ్గిందనుకోవడం ఇదే పొరపాటు. తగ్గింది కొత్త అప్పు, అప్పుల కుప్ప పెరుగుతూనే ఉంది.

దీన్ని ఒక ఎకరం భూమి మీద లెక్క కట్టి చూడండి. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన కురిసే గ్రానైట్ ప్రాంతంలో అందులో పదో వంతు భూమిలోకి ఇంకుతుందనుకుందాం. అంటే 60 మిల్లీమీటర్లు, ఎకరానికి సుమారు 2.4 లక్షల లీటర్లు. యాసంగిలో ఒక ఎకరం వరికి బోరు కింద సుమారు 1200 మిల్లీమీటర్లు పెడితే అది 48 లక్షల లీటర్లు దాటుతుంది. అంటే ఒక్క ఎకరం వరి ఇరవై ఎకరాల మీద ఏడాది పొడవునా ఇంకిన నీటిని తాగుతోంది. మడిలోంచి కొంత తిరిగి ఇంకుతుంది నిజమే. సగం ఇంకిందనుకున్నా, పదెకరాల నీరు ఒక ఎకరానికి పోతోంది. ఊళ్ళో ప్రతి పదెకరాలకూ యాసంగి వరి ఎన్ని ఎకరాలుందో లెక్కపెడితే బోర్ల భవిష్యత్తు చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. తాగునీటికి, మిగతా పంటలకు పోయేది ఇందులో ఇంకా కలపనేలేదు.

పెంపు వలయం ఏదో, సర్దుబాటు వలయం ఏదో ఎలా గుర్తుపట్టాలి?

బాణాల వెంట వెళితే బయలుదేరిన చోటికే తిరిగి చేర్చే చుట్టును వలయం అంటాం. దాని చుట్టూ కథ చెప్పుకుంటూ రండి. మొదలుపెట్టిన మార్పు తిరిగొచ్చేసరికి ఇంకా పెద్దదైతే పెంపు వలయం, చిన్నదైతే సర్దుబాటు వలయం.

బోరు ఎండింది, రైతు ఇంకా లోతుకు వేయించాడు, నీళ్ళు పడ్డాయి. ఆయన మట్టుకు ఇది సర్దుబాటు వలయం, సమస్య తీరింది. కానీ పక్క పొలం బోరు ఎండింది, ఆ రైతు ఇంకా లోతుకు వెళ్ళాడు, దాంతో మొదటి రైతు బోరు మళ్ళీ తగ్గింది. ఊరంతటినీ కలిపి చూస్తే ఇది పెంపు వలయం: లోతు పెరిగేకొద్దీ లోతు పెంచాల్సిన అవసరం పెరుగుతుంది. ఒకే పని ఒకరి దృష్టిలో పరిష్కారం, ఊరి దృష్టిలో పోటీ. రెండూ ఒకే కాగితం మీద గీయండి.

బాణాల మీద పెట్టే ప్లస్, మైనస్ గుర్తులు ఎప్పుడూ తప్పుతున్నాను. కిటుకు ఏమైనా ఉందా?

ప్లస్ అంటే మంచి, మైనస్ అంటే చెడు అనుకోవడం వల్లే ఎక్కువ తప్పులు. ప్లస్ అంటే రెండూ ఒకే వైపు కదులుతాయి, మైనస్ అంటే ఎదురుగా కదులుతాయి, అంతే. రెండో సంగతి: పెట్టెల్లో "నీటి కొరత పెరగడం" అని రాయకండి, "నీటి కొరత" అని రాయండి. పెరగడం, తగ్గడం బాణం పని.

నా బొమ్మలో నలభై బాణాలు వచ్చాయి. ఇప్పుడేం చేయాలి?

ఎవరికీ చూపించకండి. మొదటి గ్రాఫులోని వంపును వివరించని బాణాలన్నీ కొట్టేయండి. రెండు మూడు వలయాలు మిగిలితే అదే మీ అసలు బొమ్మ. కొట్టేసినవి వృథా కాలేదు, అవి ఆలోచించిన చిత్తుకాగితం.

జాప్యం గురించి అంత పట్టుబడతారెందుకు?

ఊగిసలాట ఎక్కడ కనిపించినా మొదట జాప్యం కోసం వెతకాలి కనుక. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా ధర 200 రూపాయల దరిదాపులకు చేరింది. పోలీసు కాపలా గురించి, ఒక్క పంటతో కోటీశ్వరులైన రైతుల గురించి పత్రికలు రాశాయి. ధర చూసి రైతులు నారు పోశారు. నారుకు నెల, నాటిన తరువాత మొదటి కోతకు ఇంకో రెండు నెలలు. ధర పెరగడం మొదలైనప్పుడు నాటినవారి పంట, పక్కజిల్లాల పంట, పక్కరాష్ట్రాల పంట ఒక్కసారే మార్కెట్టుకు వచ్చాయి. సెప్టెంబరుకల్లా ధర నేలకు దిగింది. కోత కూలి కూడా రాదని కాయను చెట్టు మీదే వదిలేసిన దృశ్యాలు మళ్ళీ వార్తలయ్యాయి. ఆపై సాగు తగ్గింది, అంటే తరువాతి ధరల మంటకు విత్తనం పడింది.

ఇందులో అత్యాశ పరులెవరూ లేరు. ఈరోజు ధర చూసి మూడు నెలల తరువాతి పంట నిర్ణయించక తప్పని స్థితిలో ఎవరున్నా ఇదే చేస్తారు. నారుమళ్ళలో ఎంత నారు అమ్ముడైందో వారం వారం ఊరికి తెలిసే ఏర్పాటు ఉంటే ఈ ఊపు కొంత తగ్గవచ్చు. ధరల బోర్డు అన్ని మార్కెట్లలో ఉంది, నారు అమ్మకాల బోర్డు నాకు ఎక్కడా కనబడలేదు.

## నిజమైన సమస్య మీద ప్రయోగించేటప్పుడు

వ్యవస్థకు హద్దు ఎక్కడ గీయాలి? అన్నీ కలిపితే ప్రపంచమంతా వస్తోంది.

ప్రశ్నను బట్టి హద్దు. "మా ఊరి బోర్లు ఎందుకు ఎండుతున్నాయి?" అయితే వాన, ఇంకుడు, పంటలు, కరెంటు, అప్పు చాలు. అంతర్జాతీయ బియ్యం ధర వదిలేయవచ్చు.

అయితే హద్దు బయట ఎవరు మిగిలిపోయారో ఒకసారి చూసుకోవాలి. బోరుబావి బొమ్మల్లో తరచూ మాయమయ్యేది కౌలు రైతు. కరెంటు సర్వీసు భూమి యజమాని పేరు మీద, బోరూ ఆయనదే, పంట నష్టం మాత్రం కౌలుదారుది. భూమి ఎవరిదో దాని కింది నీరూ వారిదే అన్న ధోరణి మనకు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వస్తోంది. "రైతు" అని ఒకే పెట్టె గీస్తే ఈ తేడా అంతా దానిలో కనబడకుండా పోతుంది. బొమ్మ గీసేవారికి హద్దు గీసే అధికారం ఉంటుంది, అది చిన్న అధికారం కాదు.

మంచి ఉద్దేశంతో చేసిన పరిష్కారమే సమస్యను ఎందుకు పెంచుతుంది?

పరిష్కారం ఫలితం ముందు కనిపిస్తుంది, దాని వల్ల వచ్చే చిక్కు తరువాత, వేరే చోట కనిపిస్తుంది. ఈలోగా మనం "పనిచేసింది" అని నిర్ణయించుకుని మోతాదు పెంచేస్తాం.

1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి దీనికి చేదు ఉదాహరణ. కాయతొలుచు పురుగుకు కొత్తగా వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు మొదట బ్రహ్మాండంగా పనిచేశాయి. అతిగా కొట్టేసరికి పురుగును తినే మిత్రకీటకాలూ పోయాయి, పురుగు మందుకు అలవాటు పడింది, అంతకుముందు లెక్కలోకి రాని తెల్లదోమ విజృంభించింది. దానికి మళ్ళీ మందు, ఆ మందుకు మళ్ళీ అప్పు. 1987-88లో పంట పోయి, అప్పుల పాలై రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు పనిచేయలేదు కాబట్టి కాదు, మొదట్లో బాగా పనిచేసింది కాబట్టే అంత దూరం వెళ్ళింది.

ఈ సందర్భంలో అందరూ చెప్పే ఢిల్లీ నాగుపాముల కథకు, అంటే చంపిన పాముకు బహుమతి ఇస్తామంటే జనం పాములనే పెంచారన్న కథకు, గట్టి ఆధారం లేదు, దాన్ని వాడకండి. 1902లో ఫ్రెంచి పాలనలోని హనోయ్‌లో ఎలుక తోకకు బహుమతి ఇస్తామంటే, తోక కోసి ఎలుకను వదిలేసిన ఉదంతం మాత్రం చరిత్రలో నమోదైంది. తోక లేకపోయినా ఎలుక పిల్లలను పెడుతుంది కదా!

వ్యవస్థదే తప్పంటే ఇక ఎవరికీ బాధ్యత లేనట్టేనా?

బాధ్యత పోదు, చోటు మారుతుంది. ఆటో స్టార్టర్ సంగతి చూడండి. వ్యవసాయ కరెంటు రోజుకు కొన్ని గంటలే, అందులో ఒక విడత రాత్రిపూట ఇచ్చిన కాలంలో రైతు చీకట్లో, పాముల భయంతో పొలానికి వెళ్ళి మోటారు వేయాల్సి వచ్చేది. అందుకే కరెంటు రాగానే దానంతటదే మోటారును తిప్పే చిన్న పెట్టె బిగించుకున్నాడు. ఫీడరు కింద చాలామంది అదే బిగించుకున్నారు. దాంతో కరెంటు వచ్చిన క్షణంలో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోతుంది, వైండింగులు కాలిపోతాయి.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, ఆ పెట్టెలు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. అవి ఉంటే మోటారు రేయింబవళ్ళు తోడుతూనే ఉంటుంది. పాత సమస్యకు రైతు కనిపెట్టుకున్న ఉపాయం కొత్త పరిస్థితిలో నీటికి గండి అయింది. ఇక్కడ రైతును తిట్టడం తేలిక. ఏ భయంతో ఆ పెట్టె బిగించాడో, ఆ భయం నిజంగా తీరిందో లేదో కనుక్కోవడం వేళలు నిర్ణయించేవారి బాధ్యత.

ఎక్కడ పట్టుకుంటే వ్యవస్థ కదులుతుంది?

సిస్టమ్స్ థింకింగ్ మీద రాసిన అమెరికా రచయిత్రి డొనెల్లా మెడోస్ 1999లో ఇలాంటి పన్నెండు చోట్లను బలాన్ని బట్టి వరుస పెట్టారు. అడుగున ఉన్నవి అంకెలు: సబ్సిడీ శాతం, పన్ను రేటు. మన చర్చలన్నీ అక్కడే జరుగుతాయి. అంతకంటే బలమైనవి సమాచారం ఎవరికి చేరుతోంది, నియమాలు ఎవరు రాస్తారు, వ్యవస్థ దేని కోసం నడుస్తోంది, ఏ భావన మీద నిలబడింది అన్నవి.

సమాచారం బలానికి మన దగ్గరే సాక్ష్యముంది. 2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలోని అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే ప్రాజెక్టు ఒకటి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచింది. నిషేధాల్లేవు, జరిమానాల్లేవు. రైతులు, వారిలో మహిళలూ, వానమాపకం చూశారు, బావిలోకి టేపు వదిలి మట్టం కొలిచారు, ఊళ్ళో బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని "భూమిలో ఇంత నీరుంది, మనం అనుకుంటున్న పంటలకు ఇంత కావాలి" అని లెక్క వేసుకున్నారు. ఏం వేయాలో ఎవరి ఇష్టం వారిది. చాలా ఊళ్ళలో వరి తగ్గి, తక్కువ నీటి పంటలు పెరిగాయి. కంటికి కనబడని నిల్వ బోర్డు మీదికి ఎక్కింది, మార్పు అక్కడ మొదలైంది. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం బోర్ల మధ్య దూరం గురించి, అనుమతుల గురించి చెబుతుంది. అది కాగితం మీద ఎంత గట్టిగా ఉందో, పొలంలో ఎంత పలుచనో బోరుబండ్ల వాళ్ళను అడిగితే తెలుస్తుంది.

డ్రిప్ పెడితే నీరు ఆదా అవుతుంది కదా, మీరెందుకు పెదవి విరుస్తారు?

డ్రిప్ మంచిదే. ఆదా అయిన నీరు ఎక్కడికి పోయిందన్నదే నా ప్రశ్న. ఎకరానికి సగం నీరు మిగిలితే చాలామంది దాన్ని భూమిలో వదలరు, ఇంకో ఎకరం తడుపుతారు. తోడినది మునుపటంతే, కొన్నిచోట్ల ఎక్కువ. పైగా పాత పద్ధతిలో తిరిగి ఇంకే నీరూ ఉండదు. ఆవిరి యంత్రాలు మెరుగైతే బొగ్గు వాడకం తగ్గకుండా పెరుగుతుందని 1865లోనే జెవన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త గమనించాడు. సాగు విస్తీర్ణం మీద ఊరి ఒప్పందం లేకుండా పైపులు మాత్రం పంచితే రైతు ఆదాయం పెరగవచ్చు, అది చిన్న లాభమేమీ కాదు. నీటిమట్టం పెరుగుతుందని మాత్రం హామీ ఇవ్వకండి.

చెరువులు బాగుచేస్తే సరిపోదా?

చెరువు భూమిలోకి నీటి రాకను పెంచుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలో సుమారు 46 వేల చెరువుల పూడిక తీయాలని సంకల్పించారు, చెరువు నిండినచోట చుట్టుపక్కల బోర్లు పుంజుకోవడం అందరూ చూసిందే. పుంజుకున్న బోరును చూసి మరో రెండు బోర్లు పడితే పోక కూడా పెరుగుతుంది. పూడిక తీయడం ఒక పని, మట్టం చూసి తోడకాన్ని సర్దుకునే పద్ధతి ఇంకో పని.

## కంప్యూటరు, మోడల్

సాఫ్ట్‌వేర్ ఏది నేర్చుకోవాలి?

మొదట ఎక్సెల్ చాలు. ఒక్కో నెలకు ఒక్కో వరస. ఈ నెల నిల్వ అంటే పోయిన నెల నిల్వకు రాక కలిపి, పోక తీసేసినది. ఈ ఒక్క సూత్రాన్ని కిందికి లాగితే అరవై నెలల కథ తెర మీదికి వస్తుంది. ఇలాంటి లెక్కనే మోడల్ అంటాం. తరువాత కావాలంటే బ్రౌజర్‌లోనే నడిచే ఇన్‌సైట్ మేకర్ ఉంది, సొంతంగా నేర్చుకునేవారికి వెన్‌సిమ్ పీఎల్ఈ ఉచితం. బొమ్మలు కదులుతుంటే చూడాలనుకునేవారికి లూపీ సరదాగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కొనే ముందు మీ దగ్గర చెప్పడానికి ఒక నిల్వ ఉందో లేదో చూసుకోండి.

నా మోడల్ సరైనదేనని ఎప్పుడు తెలుస్తుంది?

సరైనదని ఎప్పటికీ తెలియదు, పనికొస్తుందో లేదో తెలుస్తుంది. గడిచిన పదేళ్ళను మోడల్‌తో తిరిగి నడిపించి, కరవు ఏడాదిలో అది కిందికి వంగిందా అని చూడండి. తరువాత ఒక్కో అంకెను విపరీతంగా మార్చండి. వాన సున్నా పెడితే నీరు సున్నా కంటే కిందికి పోతోందా? అయితే తోడకం సూత్రం తప్పు, లేని నీటిని తోడుతున్నారు. కొత్తవారి మోడళ్ళలో ఇది తరచూ బయటపడుతుంది.

ఇలాంటి మోడల్‌తోనే 1972లో ప్రపంచం అంతమవుతుందన్నారు, కాలేదు కదా?

అలా అనలేదు. ప్రపంచ సమస్యలను చర్చించే రోమ్ క్లబ్ అనే మేధావుల బృందం కోసం ఎంఐటీ పరిశోధకులు ఆ ఏడాది ప్రచురించిన నివేదిక ఒకే జోస్యం చెప్పలేదు, "ఈ ధోరణులు ఇలాగే సాగితే ఇలా, మార్చుకుంటే అలా" అని పలు దారులు చూపింది. వాటిలో కుప్పకూలే దారులు కూడా 21వ శతాబ్దంలోకి సాగేవే. దాన్ని విమర్శించదలిస్తే ప్రపంచమంతటినీ ఒకే ముద్దగా, పేద దేశం ధనిక దేశం తేడా లేకుండా తీసుకున్నందుకు విమర్శించండి. ఆ విమర్శలో బలముంది.

## నలుగురితో కలిసి పనిచేసేటప్పుడు

ఊళ్ళో ఫీడ్‌బ్యాక్ వలయం అని మొదలుపెడితే జనం లేచిపోతున్నారు.

లేచిపోక ఏం చేస్తారు? ఆ మాటలు మీ నోటుపుస్తకంలో ఉంచండి. నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించండి. ఎండిన బోరుకు గులకరాయి, నీరున్న బోరుకు ఆకు పెట్టమనండి. పెద్దవాళ్ళను "పెద్దయ్యా, మీ చిన్నప్పుడు మోటబావిలో నీళ్ళు ఎంత లోతున ఉండేవి?" అని అడగండి. "చెయ్యి చాపితే అందేవయ్యా, పిల్లలు దూకి ఈదేవాళ్ళు" అన్న జవాబు వస్తే మీ గ్రాఫుకు మొదటి చుక్క దొరికినట్టే. గులకరాళ్ళు ఒకే మూల గుమిగూడితే ఎందుకని వాళ్ళే వాదించుకోవడం మొదలుపెడతారు. అప్పుడు మీరు మాట్లాడకుండా ఉండటమే మీ నైపుణ్యం.

నేనొక్కడినే మారితే లాభమేముంది?

కొన్ని అల్లికల్లో నిజంగానే లాభం ఉండదు, ఆ సంగతి దాచకూడదు. మోటారుకు కెపాసిటర్ బిగిస్తే లైనులో వోల్టేజీ మెరుగవుతుంది. ఒక్కరు బిగిస్తే ఎవరికీ తేడా తెలియదు, ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎక్కువమంది బిగిస్తే అందరి మోటార్లూ బతుకుతాయి. ఇలాంటి చోట ఒక్కొక్కరికీ నీతి బోధించడం దండగ. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవారందరినీ ఒకేసారి కూర్చోబెట్టాలి.

ఉమ్మడి నీటి విషయంలో జనం ఎప్పటికీ కలవరు కదా?

అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంతా ఈ మాటనే పరీక్షించారు. ఆమె పరిశోధన 1960ల్లో కాలిఫోర్నియాలో భూగర్భ జలాలను తోడుకునేవారు తమలో తాము ఎలా ఒప్పందాలకు వచ్చారన్న దానితో మొదలైంది, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ దాకా సాగింది. జనం కలుస్తారు, కొన్ని షరతులుంటే: ఎవరు సభ్యులో స్పష్టంగా ఉండాలి, నియమాలు వాళ్ళే రాసుకోవాలి, ఎవరెంత వాడారో ఒకరికొకరికి కనబడాలి, తప్పితే మొదట చిన్న శిక్షే ఉండాలి. మన చెరువుల కింద పొలాలకు నీరు పంచే నీరుకట్టు మనిషి చేసింది ఇలాంటి పనే. బోరుకు అలాంటి మనిషి లేడు, స్విచ్ ఎవరి చేతిలో వారికే ఉంది.

పై అధికారి నెలాఖరుకు ఫలితం చూపించమంటున్నారు.

నెలలో కదిలేవి ప్రవాహాలు, నిల్వలు కాదు. కాబట్టి ప్రవాహాన్ని చూపించండి: ఈ నెల ఎన్ని కొత్త బోర్లు పడ్డాయి, ఎంతమంది రబీ లెక్కకు కూర్చున్నారు. నీటిమట్టం కనీసం రెండు వానకాలాలు దాటాక మాట్లాడుతుందని మొదటి రోజే రాతపూర్వకంగా ఇవ్వండి. తరువాత చెబితే అది సాకులా వినబడుతుంది.

చదవడానికి, పని చేయడానికి తెలుగులో ఏం దొరుకుతుంది?

ఈ పేరుతో వచ్చిన పుస్తకాలు తెలుగులో తక్కువ. ఇంగ్లీషు చదవగలిగితే డొనెల్లా మెడోస్ రాతలతో మొదలుపెట్టండి, సాంకేతిక పదాల బరువు తక్కువ. అంతకంటే ముందు ఒక పని చేయండి. రెండు రాష్ట్రాల భూగర్భ జల శాఖలూ పీజోమీటర్లతో, అంటే మట్టం చూడటానికే వేసిన బోర్లతో, నీటిమట్టం కొలుస్తాయి. మీ మండలం అంకెలు సంపాదించి, ప్రతి ఏడాదీ మే, నవంబరు నెలల మట్టాలు రెండు గీతలుగా గీయండి. మే గీత వేసవి అడుగును, నవంబరు గీత వానల తరువాతి మట్టాన్ని చూపుతాయి. నవంబరు గీత నిలకడగా ఉండి మే గీత దిగజారుతుంటే తోడకం వైపు చూడండి. నవంబరు గీత కూడా దిగుతుంటే వాన లెక్కలు, చెరువుల స్థితి, ఏటా నింపలేనంతగా ఖాళీ అవుతున్న భూమి, మూడూ చూడాలి. ఆ రెండు గీతలు పట్టుకుని వస్తే మొదటి తరగతిలో మీ మండలంతోనే మొదలుపెడతాం.